ఇంటి పెద్ద పోయిన ఇంటికి ఎవరి సాయం మేలు: వాడకట్టుదా, సంస్థదా?

మా వరంగల్ వైపు పత్తి చేలల్లో మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి మనుషులు పోవడం కొత్త సంగతి కాదు. రెండేళ్ల కింద వానాకాలంలో మా వెనకింటి అన్న అట్లాగే పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. సొంత భూమి లేదు, నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు. ఇంట్లో వదిన, ఏడో తరగతి చదివే బిడ్డ, నాలుగో తరగతి కొడుకు, కళ్లు సరిగా కనిపించని ముసలి తల్లి.

ఆ తర్వాత ఏడాది పాటు ఆ ఇంటికి నాలుగు దిక్కుల నుంచి సాయం అందింది. వాడకట్టు వాళ్లం చేసింది కొంత, వదిన ఉన్న డ్వాక్రా సంఘం చేసింది కొంత, అన్నతో పదో తరగతి చదివిన బ్యాచ్ వాళ్లు ఇచ్చింది కొంత, మండల కేంద్రంలో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ చేసింది కొంత. అన్నీ దగ్గరుండి చూశాను. ఏది మేలని అడిగితే "అన్నీ కావాలి" అని తప్పించుకోవడం నాకిష్టం లేదు. కొన్ని పనులకు వాడకట్టును మించింది లేదు. కొన్ని పనుల్లో వాడకట్టు మంచి చేయబోయి చెడు చేస్తుంది. ఆ రెండూ చెప్పాలి.

మొదటి పది రోజులు

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఆ పూట నుంచే ఎవరింటి నుంచి ఏ పూట అన్నం పోవాలో ఆడవాళ్లు వాళ్లలో వాళ్లే అనుకున్నారు. టెంటు, కుర్చీలు, కట్టెలు, చుట్టాలకు ఫోన్లు అన్నీ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే జరిగిపోయాయి. పిల్లలిద్దరినీ మా ఇంట్లో పడుకోబెట్టాం. గంటలో పద్దెనిమిది వేలు పోగైంది. ఒక నోటుబుక్కులో పేర్లు రాసి, దినం ఖర్చులకు పోను మిగిలింది వదిన చేతికిచ్చాం. ఈ వేగం ఏ సంస్థకూ రాదు. సంస్థకు దరఖాస్తు కావాలి, మీటింగు కావాలి, మంజూరు కావాలి. శవం ఇంటి ముందున్నప్పుడు ఆ మాటలకు అర్థం లేదు.

అయితే నా లెక్కలో వాడకట్టు చేసిన అసలు సాయం అన్నం కాదు, చందా కాదు. పంటను నిలబెట్టడం. అన్న పోయేనాటికి పత్తి కాయ మీదుంది. కలుపు తీయాలి, యూరియా వేయాలి, మందు కొట్టాలి. చేతికందే పంట ఎండిపోతే కౌలు, విత్తనం, ఎరువుల అప్పంతా వదిన నెత్తిన పడేది. చేలు దగ్గరున్న ఐదుగురు రైతులు వంతులేసుకుని రెండుసార్లు మందు కొట్టారు. మొదటి ఏరివేతకు పన్నెండు మంది ఆడవాళ్లు కూలి తీసుకోకుండా వచ్చారు. రెండో ఏరివేతకు సగం కూలికే వచ్చారు. ఆ పత్తి అమ్మితే ఎరువుల కొట్టు బాకీ, కౌలు తీరాయి. దీన్ని ఏ దాతా డబ్బుతో కొనలేడు. ఏ చేనుకు ఏ రోజు మందు అవసరమో తెలిసిన మనిషి పక్క చేలో ఉండాలి.

మేం చేసిన తప్పు

ఇప్పుడు రెండో వైపు. ఆ రోజు మధ్యాహ్నం పోలీసులకు చెప్పాలా వద్దా అన్న మాట వచ్చింది. "పోయినోడు ఎట్లాగూ పోయాడు, కోయించడమెందుకు, కేసులెందుకు" అన్నారు. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. వదిన ఏడుపు చూడలేక అన్న మాట అది. సాయంత్రానికి దహనం అయిపోయింది.

అన్న బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందని నెల తర్వాత పాసుబుక్కు చూస్తే తెలిసింది. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. కానీ అది ప్రమాదమేనని చూపించడానికి ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. మా దగ్గర ఒక్కటీ లేదు. కరెంటు ప్రమాదానికి పరిహారం అడగాలన్నా అవే కాగితాలు. వాడకట్టంతా కలిసి పద్దెనిమిది వేలు పోగేశాం. అదే వాడకట్టు ఒక్క మాటతో లక్షలు పోగొట్టింది.

రైతు బీమా వస్తుందని కూడా అనుకున్నాం. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి ఆ పథకం ఉంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు ఇస్తారు, పోస్టుమార్టం ఊసే ఉండదు. అయితే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకే. కౌలు రైతుకు లేదు. అన్న ప్రాణం పోయిన చేనుకు పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. బీమా ఆయన పేరు మీదుంది.

సంస్థ నుంచి ఒక అక్క మూడు వారాల తర్వాత వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. ఆమె రెండో రోజే వచ్చి ఉంటే దహనం ఆగేది కాదు గానీ, మొదటి రోజు మాలో ఒక్కరికి ఆమె ఫోన్ నంబరు తెలిసి ఉంటే ఆగేది. కాగితాల విషయంలో సంస్థే మేలని నేను అనేది అందుకే. రైతు ఆత్మహత్య జరిగిన ఇళ్లలో ఇది ఇంకా తీవ్రం. 2004లో వచ్చిన జీవో 421 కింద లక్షన్నర, తెలంగాణలో 2015 నాటి జీవో 194 కింద 6 లక్షలు పరిహారం పెట్టారు. అది రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీఏ) ఉండే త్రిసభ్య కమిటీ విచారించాలి. అప్పులెవరి దగ్గరున్నాయి, కౌలు ఎవరిది అని అడుగుతారు. వడ్డీకిచ్చినవాళ్లే పక్కింట్లో ఉంటే సాక్ష్యం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు? రైతు స్వరాజ్య వేదిక లాంటి సంఘాల వాళ్లు ఇలాంటి కుటుంబాల తరఫున నిలబడి, అర్జీలు పెట్టించి, ఆఫీసుల చుట్టూ తోడుగా తిరుగుతారు. ఆ పని వాడకట్టుతో కాదు.

డ్వాక్రా సంఘం, పదో తరగతి బ్యాచ్

సంఘం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు నెలల కిస్తీ మిగతా సభ్యులు తమ చేతి నుంచి కట్టారు. అంతకు మించి సంఘం ఇచ్చేది అప్పే. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తేవడం కంటే మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి అప్పు ఎంతో నయం. కానీ దినాలకూ భోజనాలకూ ఆ అప్పు వాడొద్దు, గేదె కోసమో కుట్టుమిషన్ కోసమో దాచుకోవాలి. ఇంకో సంగతి. తెలంగాణలో 2024లో సంఘ సభ్యులకు ప్రమాద బీమా, అప్పు బీమా తెచ్చారు. అవి సభ్యురాలికి ఏదైనా జరిగితే వర్తించేవి. భర్త చనిపోతే వస్తాయని చాలామంది పొరబడుతున్నారు.

బ్యాచ్ వాళ్లు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచారు. ఇప్పుడు ప్రతి హైస్కూలుకూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆరు రోజుల్లో లక్షా పదివేలు పోగుచేశారు. డబ్బు చేతికివ్వకుండా బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. మేం నలుగురం కూర్చున్నా అంత మంచి ఆలోచన మాకు రాలేదు. కానీ ఒక్కసారి వచ్చారు, ఫొటో దిగారు, వెళ్లారు. మళ్లీ రాలేదని వాళ్లను తప్పుపట్టను, వాళ్లు మాటిచ్చిందే అంత. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. అదే ఏడు మా ఊళ్లోనే ఇంకో కూలీ చనిపోయాడు. అతను బడికి పోలేదు. అతనికి బ్యాచ్ లేదు. ఆన్‌లైన్‌లో చందాలు అడిగే వేదికలదీ ఇదే గొడవ. కథ బాగా చెప్పగలిగినవాళ్లకు, ఫోన్‌లో వందల నంబర్లు ఉన్నవాళ్లకు డబ్బు వస్తుంది. ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకు చాలాసార్లు ఆ రెండూ ఉండవు.

బిడ్డ చదువు

సంక్రాంతి సెలవుల తర్వాత బిడ్డ బడికి పోలేదు. నానమ్మను చూసుకోవాలి, తల్లితో కూలికి పోవాలి. వాడలో పెద్ద ఆడవాళ్లందరూ అదే మంచిదన్నారు. "ఆడపిల్ల, తల్లికి ఆసరా అవుతుంది" అని పని కూడా చూపించారు. ఒక్కరిలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. ఇంటి కష్టం తెలిసినవాళ్లకే ఆ పిల్ల కూలికి పోవడం సహజంగా కనిపించింది.

సంస్థ అక్క ఒప్పుకోలేదు. బడిలో లేని పిల్ల ఎవరైనా బాలకార్మికురాలే అన్న మాట ఈ ప్రాంతంలో గట్టిగా చెప్పింది ఎం.వి. ఫౌండేషన్. శాంతా సిన్హా నడిపిన ఆ సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి నుంచి, చేలపనుల నుంచి పిల్లల్ని బడికి మళ్లించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మా మండలంలో పనిచేసే ఈ అక్క కూడా ఆ దారినే నమ్మిన మనిషి. ఇంటికి పదకొండు సార్లు వచ్చింది, నేను లెక్కపెట్టాను. బిడ్డను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్పించింది. వదినకు నెలకు 2,016 రూపాయల వితంతు పింఛను, ఇంటి పెద్ద చనిపోతే ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం 20,000 రూపాయలు ఇప్పించింది. కొడుకు పేరున మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌కు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టించింది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటని ఇంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయలిచ్చే పథకం అది. మా వాడలో దాని పేరు విన్నవాళ్లు ఒక్కరు లేరు. అది మంజూరయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇట్లాంటి సంస్థల బలహీనత ఎక్కడుందో కూడా చూశాను. ప్రాజెక్టు అయిపోతే అక్క వేరే జిల్లాకు పోతుంది. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాగా తరాల తరబడి ఒకే నేలను పట్టుకుని ఉండే సంస్థలు చాలా తక్కువ. విదేశీ దాతల మీద నడిచేవాటికి, ఆ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సిన టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది.

తీసుకునే చేతి బాధ

ఇది డబ్బు లెక్కలో కనిపించదు గానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. ఉగాదికి వదిన కొడుక్కి కొత్త చెప్పులు కొన్నది. నూటయాభై రూపాయలవి. బోరింగ్ దగ్గర ఒకామె "మేమిచ్చిన పైసలతో షోకులు" అన్నది. వదిన ఆ తర్వాత రెండు నెలలు ఆ బోరింగ్‌కు పోలేదు, దూరం పోయి నీళ్లు తెచ్చుకుంది. సంస్థలూ అవమానిస్తాయి. బియ్యం బస్తా పట్టుకుని ఫొటో దిగమంటాయి, పేదరికాన్ని కాగితం మీద రుజువు చేయమంటాయి. అయినా ఫొటో తీసినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు. మాట అన్నామె రోజూ ఎదురుపడుతుంది. ఈ విషయంలో సంస్థ సాయమే తేలిక అని వదినే ఒకసారి నాతో అన్నది.

ఇంతకీ వాడకట్టు అంటే ఎవరు? మా ఊరి చివర జిన్నింగ్ మిల్లు వెనక రేకుల షెడ్లలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. పోయిన ఏడాది వాళ్లలో ఒకతను జ్వరంతో చనిపోయాడు. మాలో ఎవరం చందా ఎత్తలేదు, ఎవరి ఇంటి నుంచీ అన్నం పోలేదు. భాష రాదన్నది సాకు. వాళ్లను మేం ఇరుగుపొరుగుగా ఎన్నడూ లెక్కపెట్టలేదు. కులం వేరైనా, తాగుబోతని పేరుపడినా, హెచ్‌ఐవీ ఉందని తెలిసినా ఇదే జరుగుతుంది. వాడకట్టు ప్రేమ తనవాళ్లు అనుకున్నవాళ్ల మీదే. సంస్థ ఉండాల్సింది సరిగ్గా అక్కడ. ఆ షెడ్ల దగ్గరికి పోయింది కూడా ఆ అక్కే.

కాబట్టి మీ దగ్గర వెయ్యి రూపాయలుంటే, చావు జరిగిన పది రోజుల్లో అయితే నేరుగా ఆ ఇంటికివ్వండి, ఎవరికీ చెప్పకుండా ఇవ్వండి. ఆ గడువు దాటితే ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లే సంస్థకివ్వండి. ఏడాది తర్వాత ఆ పిల్లలు ఏ బడిలో ఉన్నారో చెప్పగలరా అని అడగండి. చెప్పలేకపోతే ఇంకో సంస్థను చూసుకోండి. డబ్బు లేదంటే అంతకంటే పెద్ద సాయం ఒకటుంది. తహసీల్దార్ ఆఫీసుకు, బ్యాంకుకు ఆ ఇంటామెతో పాటు పోయి పక్కన కూర్చోవడం. కూలి పోతుందని ఆమె ఒంటరిగా వెళ్లదు, వెళ్లినా రేపు రమ్మంటే తిరిగొస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. వాడలో ఇరవై మూడు ఇళ్ల ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు జిరాక్సులు అందులో ఉన్నాయి. ఎవరికి 20 రూపాయల బీమా ఉంది, ఎవరికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా ఉంది, నామినీ ఎవరు అన్నది రాసి పెట్టాం. మూత లోపల అక్క నంబరు, పోలీస్ స్టేషన్ నంబరు, మానసిక వేదనలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే 14416 నంబరు అంటించాం. మొన్న దసరాకు కస్తూర్బా నుంచి బిడ్డ ఇంటికొచ్చింది, ఇప్పుడు తొమ్మిదో తరగతి. జిన్నింగ్ మిల్లు వెనక షెడ్ల వాళ్ల పేర్లు హిందీలో అడిగి తెలుగులో రాసిపెట్టింది. ఏడు ఇళ్లు అయ్యాయి, ఇంకా పద్నాలుగు ఉన్నాయి.