ఉద్దానంలో సెల్ టవర్‌కు ఏది మేలు: డీజిలా, లిథియమా, సోలారా?

భారతీ ఎయిర్‌టెల్ 2050కల్లా నెట్ జీరో, అంటే వదిలే కర్బనం ఎంతో తీసేసేదీ అంతే అని మాటిచ్చింది. సొంతంగా కాల్చే ఇంధనం, కొనే కరెంటు వల్ల 2020-21లో వెలువడిన కర్బనాన్ని 2030-31కి సగం చేస్తామనీ చెప్పింది. నెట్ జీరోకు జియో మాతృసంస్థ రిలయన్స్ పెట్టుకున్న గడువు 2035. ఇవన్నీ నిజమయ్యేదీ కానిదీ శ్రీకాకుళం తీరాన ఉద్దానంలోని కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో కరెంటు పోయిన గంటల్లో టవర్‌ను ఏది నడుపుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఒక మామూలు టవర్ తీసుకుందాం. ఏసీ గది లేదు, పరికరాలన్నీ బయటి క్యాబినెట్‌లోనే. లోడు రెండున్నర కిలోవాట్లు, అంటే రోజుకు 60 యూనిట్లు. కరెంటు రోజుకు నాలుగు గంటలు పోతుందనుకుంటే ఆ ఖాళీ పూడ్చడానికి 10 యూనిట్లు కావాలి.

జనరేటర్ అయితే 15 కేవీఏది ఉంటుంది. 12 కిలోవాట్లు ఇవ్వగల యంత్రం రెండున్నరే ఇస్తూ గంటకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. నాలుగు గంటలకు సుమారు 7 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి రోజుకు 19 కిలోల దాకా. తక్కువ లోడులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఇంధనం పూర్తిగా కాలదు, సైలెన్సర్‌లో నల్లటి జిడ్డు పేరుకుంటుంది. పొగా పెరుగుతుంది, రిపేర్లూ పెరుగుతాయి.

అదే 10 యూనిట్లు లిథియం బ్యాటరీ నుంచి వస్తే, దాన్ని నింపడానికి గ్రిడ్ నుంచి 11 యూనిట్లు చాలు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 8 కిలోలకు లోపే. గ్రిడ్‌లో బొగ్గు కరెంటు ఇంత ఉన్నా సగానికి సగం తగ్గింది. పాత లెడ్ బ్యాటరీ కూడా ఆ పని చేయగలదు గానీ నిండటానికి పది గంటలు పడుతుంది, సగానికి మించి వాడితే త్వరగా చచ్చిపోతుంది. ఎండకు క్యాబినెట్ పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందంటే ఆయుష్షు సగమవుతుంది.

లిథియం పెట్టి కూడా డీజిల్ తగ్గని చోట్లున్నాయి. కారణం ఎక్కువగా గ్రిడ్ కరెంటును బ్యాటరీకి తగిన డీసీగా మార్చే రెక్టిఫయర్‌లో దొరుకుతుంది. 48 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి 4.8 యూనిట్లు. ఎనభై శాతమే వాడతాం కాబట్టి మన టవర్‌కు మూడు కావాలి. అవి మూడు గంటల్లోపు నిండాలంటే నాలుగున్నర కిలోవాట్లు, నడుస్తున్న లోడుకు మరో రెండున్నర, మొత్తం ఏడు. మూడు కిలోవాట్ల రెక్టిఫయర్ మాడ్యూళ్లు మూడు ఉంటే సరిపోతుంది. రెండే ఉంటే, కరెంటు లైను (ఫీడర్) చివరన వోల్టేజీ కూడా పడిపోతూ ఉంటే, బ్యాటరీ నిండకముందే మళ్లీ కరెంటు పోతుంది, జనరేటర్ లేస్తుంది. నింద బ్యాటరీ మీద పడుతుంది.

రెండో తప్పు సెట్టింగ్‌ది. లెడ్ బ్యాటరీని 43 వోల్టుల దగ్గర ఆపేలా పెట్టిన సెట్టింగ్‌ను లిథియం పెట్టాక కూడా అలాగే వదిలేస్తారు. పదహారు సెల్లుల లిథియం బ్యాటరీ 48కి వచ్చేసరికే దాదాపు ఖాళీ. పైగా దాని వోల్టేజీ చివరిదాకా పెద్దగా కదలదు. ఎంత మిగిలిందో బ్యాటరీని లోపలినుంచి కనిపెట్టి ఉండే సర్క్యూట్ (బీఎంఎస్) నుంచి డేటా కేబుల్ ద్వారా కంట్రోలర్‌కు అందాలి. ఆ కేబుల్ పెట్టకపోతే చెప్పాపెట్టకుండా సిగ్నల్ పోతుంది. దొంగల భయం కూడా ఉంది, అందుకని ఇనుప బోనులో పెట్టి వెల్డింగ్ చేయించాలి.

సోలార్ మాట చూస్తే మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు దాదాపు 300 చదరపు అడుగుల జాగా కావాలి, రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. లోడులో అయిదో వంతు. వానాకాలంలో ఇంకా తక్కువ. మొత్తం సోలార్ మీదే నడపాలంటే 15 కిలోవాట్లకు పైగా ప్యానెళ్లు కావాలి, అంత జాగా కొబ్బరితోటల మధ్య నీడ పడకుండా ఎక్కడ దొరుకుతుంది? చీపురుపల్లి, గజపతినగరం వైపు మెట్ట భూముల్లో ఎండ బాగా తగులుతుంది, అక్కడ పెట్టుకోవచ్చు. సముద్రం పక్కన ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపడతాయి. గాల్వనైజ్ చేసినవే వేయాలి, ప్యానెళ్లు నెలకోసారి కడగాలి.

కాబట్టి కరెంటు రోజుకు ఇరవై గంటలుండే ఊళ్లో నా ఓటు లిథియానికే. కరెంటు అంతకన్నా తక్కువున్న చోట దానికి సోలార్ తోడు చేయాలి.

మరి తుఫానొస్తే? 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. స్తంభాలు, కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోయాయి, ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మూడు బ్యాటరీలు నాలుగున్నర గంటలే. అందుకే జనరేటర్‌ను పూర్తిగా తీసేయడానికి నేను ఒప్పుకోను. కానీ నడిపే పద్ధతి మార్చాలి. లోడుకు తగ్గట్టు ఇరవైనాలుగు గంటలూ తిప్పితే రోజుకు 42 లీటర్లు. బ్యాటరీలు నింపుతూ ఏడు కిలోవాట్ల మీద తొమ్మిది గంటల పైచిలుకు మాత్రమే తిప్పితే అవే 60 యూనిట్లకు సుమారు 25 లీటర్లు. దారి మూసుకుపోయిన అయిదు రోజులకు 210 లీటర్లు కావలసిన చోట 125 చాలు. సెప్టెంబరు నెలాఖరుకల్లా ట్యాంకు నింపి పెట్టుకోవాలి.

కంపెనీ మాట నిలబెట్టుకుంటోందో లేదో చూసేటప్పుడు రెండు సంగతులు పట్టించుకోవాలి. టవర్ వేరే కంపెనీదైతే, అక్కడ కాలిన డీజిల్ సిమ్ కంపెనీ సొంత ఖాతా అయిన స్కోప్ 1లో కాకుండా ఇతరుల ద్వారా వచ్చే కర్బనం చూపే స్కోప్ 3లోకి వెళ్లవచ్చు. స్కోప్ 1 తగ్గిందని సంబరపడేముందు ఆ పద్దు చూడాలి. రెండోది, పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లు కొంటే, కొనే కరెంటు ఖాతా అయిన స్కోప్ 2లో ఆ సర్టిఫికెట్లను లెక్కలోకి తీసుకునే మార్కెట్ ఆధారిత అంకె తగ్గుతుంది, అదే కరెంటుకు స్థానిక గ్రిడ్‌ను బట్టి వేసే ప్రాంత ఆధారిత అంకె అలాగే ఉంటుంది. కర్బనం లెక్కలకు కంపెనీలు వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్ ఈ రెండు అంకెలనూ పక్కపక్కన చూపమంటుంది. సోంపేటలో డీజిల్ పొగ పీల్చే ఇంటివాళ్లకు ఆ సర్టిఫికెట్ వల్ల ఒక్క లీటరూ తగ్గదు. 2012లో టెలికాం శాఖ 2020కల్లా పల్లె టవర్లలో 75 శాతం హైబ్రిడ్ కరెంటు (గ్రిడ్‌కు పునరుత్పాదక విద్యుత్ తోడు) మీద నడవాలని చెప్పింది. ఆ గడువు దాటిపోయింది గనుక ఇప్పుడు అడగాల్సింది టవర్‌కు నెలకు ఎన్ని లీటర్లు కాలాయన్న అంకె, అదీ జిల్లావారీగా.