ఇంజన్ రీబిల్డ్‌కి ఇస్తున్నారా? జాగ్రత్త: ఫ్లైవీల్ మార్చేసి, సెల్ఫ్ మోటార్‌ని గ్రైండ్ చేసుకోమంటున్నారు

బోరింగ్ చేసి, పిస్టన్లు, బేరింగులు మార్చి, బ్లాక్‌కి రంగు కొట్టి ఇచ్చిన ఇంజన్ ఇది. బండిలోకి ఎక్కించాక సెల్ఫ్ మోటార్ కూర్చోవడం లేదు. మోటార్ కొత్తదేం కాదు. ఇంజన్ దించే ముందు వరకు బండి దానితోనే స్టార్ట్ అయింది. ఇప్పుడు మోటార్ ముక్కు (ఇంజన్ వైపు దూరే ముందు భాగం) సగం దూరాక ఆగిపోతోంది, బోల్టు చివర రంధ్రం దాకా కూడా రావడం లేదు.

రీబిల్డ్ చేసినవాళ్లకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "గ్రైండర్ పెట్టి ముక్కు కాస్త అరగదియ్యండి, పడుతుంది. అందరూ అలాగే చేస్తారు." ఫ్లైవీల్ (ఇంజన్ వెనక క్రాంక్‌తో తిరిగే బరువైన చక్రం, సెల్ఫ్ మోటార్ తిప్పేది దీన్నే) మార్చారా అని సూటిగా అడిగితే, "అదే మోడల్‌ది వేశాం" అన్నారు. మార్చిన సంగతి బిల్లులో లేదు, ఇంజన్ అప్పగించేటప్పుడూ చెప్పలేదు. అన్నిటికన్నా మండింది తర్వాతి మాటకి: ముక్కు గ్రైండ్ చేశాక ఏదైనా విరిగితే గ్యారంటీ వర్తించదట! అరగదియ్యమన్నదీ వాళ్లే, అరగదీస్తే సంబంధం లేదన్నదీ వాళ్లే.

పాత ఫ్లైవీల్ రింగ్ గేర్‌కి, అంటే దాని అంచు చుట్టూ ఉండే పళ్ల చక్రానికి, 129 పళ్లు. వీళ్లు వేసినదానికి 132. మూడు పళ్లే కదా అనుకోవద్దు. మాడ్యూల్ (పంటి సైజు కొలత) 3 ఉన్న గేర్‌లో మూడు పళ్లు పెరిగితే వ్యాసం 9 మి.మీ., అంటే ఒక్కో వైపు 4.5 మి.మీ. పెరుగుతుంది. సెల్ఫ్ మోటార్ సెంటర్‌ని బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ని కప్పే డొప్ప) రంధ్రమే నిర్ణయిస్తుంది, అది జరగదు. ఆ సైజు పళ్ల మధ్య అడుగున ఉండే సందు ముప్పావు మిల్లీమీటరు. నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కడ సర్దుతారు? ముక్కు అరగదీసి మోటార్‌ని కూర్చోబెట్టినా, పినియన్ (మోటార్‌లోని చిన్న పళ్ల చక్రం) ముందుకొచ్చి రింగ్ గేర్ అంచుకి గుద్దుకుంటుందే తప్ప పళ్లలోకి దిగదు. పైగా పినియన్ షాఫ్ట్ చివరి బుష్ ఆ ముక్కులోనే ఉంటుంది. అక్కడ లోహం పలచబడితే సెల్ఫ్ కొట్టినప్పుడు ముక్కే పగులుతుంది.

పళ్ల లెక్క ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, సెల్ఫ్ రంధ్రంలోంచి ఒక పన్నుకి సుద్ద గుర్తు పెట్టండి. క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి ఇంజన్ మామూలుగా తిరిగే వైపుకే తిప్పుతూ, గుర్తు మళ్లీ వచ్చేదాకా లెక్కపెట్టండి.

అయితే ప్రతిసారీ ఫ్లైవీలే కారణం కాదు. ముక్కు అంచులకి మార్కర్ పూసి, బోల్టులు లేకుండా చేత్తోనే మోటార్‌ని దూర్చి బయటికి తీయండి. రంగు ఎక్కడ చెరిగిందో చూస్తే తగాదా ఎక్కడో తెలుస్తుంది. ముక్కు పక్క అంచు మీద పళ్ల గాట్లు పడితే రింగ్ గేర్ పెద్దదన్నమాట. రంధ్రంలో కూర్చునే మోటార్ గుండ్రటి కాలర్ దగ్గర చెరిగితే హౌసింగ్ రంధ్రంలో రంగో, పాత సీలెంటో గట్టిపడి ఉంటుంది. దాన్ని శుభ్రంగా గీకేయండి. మోటార్‌కి ఎర్త్ కూడా చాలా బండ్లలో అది హౌసింగ్‌కి ఆనే ముఖం ద్వారానే అందుతుంది కాబట్టి అక్కడ రంగు ఉండకూడదు. బోల్టు రంధ్రాలు పక్కకి తప్పితే బ్లాక్‌కీ బెల్ హౌసింగ్‌కీ మధ్య డోవెల్ పిన్నులు (రెండిటినీ సరిగ్గా ఒక వరసలో నిలిపే చిన్న పిన్నులు) ఉన్నాయో లేదో చూడండి. మోటార్ పూర్తిగా కూర్చుని పినియన్ రింగ్ గేర్‌కి ఎప్పుడూ రాసుకుంటుంటే, ఇంజన్ వెనక ఉండే పల్చటి ప్లేటు వెయ్యడం మర్చిపోయి ఉండొచ్చు. రింగ్ గేర్ తిరగేసి ఎక్కించడం కూడా జరుగుతుంది. పళ్ల చివర ఏటవాలుగా చెక్కిన వైపు పినియన్ వచ్చే దిక్కుకే ఉండాలి. పళ్లు నీలం రంగుకి తిరిగి ఉంటే ఎక్కించేటప్పుడు అతిగా కాల్చారు, గట్టిదనం పోయినట్టే.

ఏదేమైనా బోల్టులు బిగించి మోటార్‌ని లోపలికి లాగొద్దు. బోల్టు పట్టే అల్యూమినియం చెవి టప్పున విరుగుతుంది.

ఇలాంటి తేడాలు పెద్ద కంపెనీ ఇంజన్లలోనూ ఉన్నాయి. అమెరికా కార్ల కంపెనీ షెవ్రొలే వారి స్మాల్ బ్లాక్ అనే ఇంజన్‌లో 153 పళ్ల ఫ్లైవీల్, 168 పళ్ల ఫ్లైవీల్ రెండూ వచ్చాయి. మొదటిదానికి మోటార్ బోల్టులు రెండూ ఒకే వరసలో ఉంటాయి, రెండోదానికి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. అదే ఇంజన్ కదా అని వేస్తే పడదు. "అదే మోడల్" అనే మాటని నమ్మొద్దనేది అందుకే. ఫ్లైవీల్ మారితే బ్యాలెన్స్, క్లచ్ కూడా తేడా రావచ్చు. క్రాంక్ సెన్సర్ (క్రాంక్ ఏ స్థానంలో ఉందో కంప్యూటర్‌కి చెప్పేది) ఫ్లైవీల్ నుంచి చదివే ఇంజన్ అయితే సిగ్నల్ కూడా తప్పుతుంది. అందుకే వేరే సెల్ఫ్ మోటార్ కొనమన్నా ఒప్పుకోకండి, మీ ఫ్లైవీల్‌నే తిరిగి అడగండి.

ఇంజన్ ఇచ్చే ముందు ఫ్లైవీల్ నంబరు, పళ్ల లెక్క ఫోటో తీసి జాబ్ కార్డు మీద రాయించండి. తీసుకునేటప్పుడు గేర్‌బాక్స్ ఎక్కించకముందే, వాళ్ల షాపులోనే సెల్ఫ్ మోటార్ బిగించి చూపించమనండి.