స్కైలైన్ జీటీ-ఆర్ వెంట ఆరు రోజులు

మే నెలలో నేనూ మా తమ్ముడూ జపాన్‌లో గడిపిన ఆరు రోజులూ ఒక్క కారు చుట్టూనే తిరిగాయి. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ మీద, అందులోనూ 1989 ఆగస్టులో వచ్చిన ఆర్32 తరం మీద, మా ఇద్దరికీ చిన్ననాటి నుంచీ మమకారం. అదే కోరికతో వెళ్లేవారికి ఏ చోటుకు ఎంత సమయం కేటాయించాలో తెలియాలని ఇది రాస్తున్నాను.

యొకొహామా స్టేషన్‌కు దగ్గరలో ఒక బిజినెస్ హోటల్‌లో నాలుగు రాత్రులు ఉన్నాము. పెట్టె తెరవడానికైనా చోటు చాలని గది అది. అయినా శుభ్రతకూ నిశ్శబ్దానికీ వంక పెట్టలేము. నడిచి వెళ్లగలిగే దూరంలోనే నిస్సాన్ ప్రధాన కార్యాలయపు గ్యాలరీ ఉంది. అక్కడ ఎక్కువగా కనిపించేవి ఇప్పటి కార్లే కనుక గంటసేపు చాలు.

యొకొహామాకు దగ్గరి జామా ఊళ్లో ఉన్న నిస్సాన్ పాత కార్ల సంగ్రహశాల, హెరిటేజ్ కలెక్షన్‌కు మాత్రం ఒక పూట మొత్తం కావాలి. ఒకప్పటి కర్మాగారపు ఆవరణలో సుమారు 300 కార్లు వరుసలు తీరి ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు గాని ముందుగా పేరు నమోదు చేసుకోవాలి; ఆ తేదీ ఖరారైన తరువాతే మేము విమానం టికెట్లు కొన్నాము. వివరణ జపనీస్‌లో సాగినా, టోక్యోలోని నిషి-కసాయ్‌లో ఉండే మా పిన్ని కొడుకు వెంట వచ్చి అన్నీ తెలుగులో చెప్పాడు.

అక్కడ కాల్సోనిక్ సంస్థ పేరుతో పందేల్లో పరుగెత్తిన నీలిరంగు ఆర్32, కాల్సోనిక్ స్కైలైన్ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. 1990 నుంచి 1993 వరకు జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో ఆర్32 కార్లు 29 పందేలకు 29 గెలిచాయి. ఆ గెలుపుకు పునాది ఇంజిన్ కొలతలోనే ఉంది. ఆ పోటీలకు వర్తించిన గ్రూప్-ఏ అనే పందెపు నిబంధనల ప్రకారం టర్బో ఇంజిన్ పరిమాణాన్ని 1.7తో హెచ్చవేసి, వచ్చిన అంకెను బట్టి కారు ఏ తరగతికి చెందుతుందో తేల్చేవారు. ఆర్32లోని ఆర్‌బీ26 టర్బో ఇంజిన్ 2,568 సీసీ. హెచ్చవేస్తే సుమారు 4,366 వస్తుంది, అంటే ఒక తరగతికి పెట్టిన 4,500 హద్దుకు లోపలే. పందెపు నిబంధనలను ముందు పెట్టుకుని గీసిన ఇంజిన్‌ను వీధిలో నడిచే కారులో అమర్చి అమ్మారన్నమాట. కాగితం మీది 280 పీఎస్ (అశ్వశక్తి కొలమానం) శక్తిని ఈనాటి కార్లు ఎన్నో దాటేశాయి. అయినా దీని మీద మోజు తగ్గకపోవడానికి కారణం ఆ పట్టుదలేనని నా నమ్మకం.

నాలుగో రోజున ఒక ఆర్32ను అద్దెకు తీసుకున్నాము. హైదరాబాద్ ఆర్టీఏలో పొందిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ సరిపోయింది. మన దగ్గరలాగే ఎడమవైపు ప్రయాణం కనుక తడబాటూ లేదు. అద్దె సంస్థ సేవ మాత్రం నన్ను బాధపెట్టింది: కిలోమీటర్ల పరిమితి గురించి సంతకం చేసేటప్పుడు చెప్పకుండా, కారు తిరిగి ఇచ్చేటప్పుడు అదనంగా వసూలు చేశారు. మీరు మాత్రం ముందే అడిగి రాయించుకోండి.

ఒదవారా ఊరి నుంచి హకోనే టర్న్‌పైక్ అనే కొండదారి ఎక్కేసరికి సన్నని వాన మొదలైంది. డ్యాష్‌బోర్డు మధ్యలో, ముందు చక్రాలకు ఎంత బలం అందుతోందో చూపే చిన్న మీటరు ఒకటి ఉంటుంది. మామూలుగా వెనుక చక్రాలతోనే నడిచే ఈ కారు, అవి జారబోతున్నాయని గ్రహించిన క్షణంలో బలాన్ని ముందుకు పంచుతుంది. తడిసిన మలుపు దాటుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ఆ ముల్లు లేచి, కారు కుదుటపడగానే మళ్లీ కిందికి వాలేది. చదివి తెలుసుకున్న యంత్రధర్మం కళ్లెదుట కదలడం చూసి నాకు మాట రాలేదు.

చివరి రెండు రోజులు నగానో ప్రాంతంలో గడిపాము. సువా సరస్సు పైనున్న కొండ మీద, ఒకాయా ఊరి పార్కులో ప్రిన్స్ అండ్ స్కైలైన్ మ్యూజియం ఉంది. చలికాలంలో అది మూసి ఉంటుంది. 1957లో ప్రిన్స్ స్కైలైన్‌గా పుట్టి, 1966లో ప్రిన్స్ సంస్థ నిస్సాన్‌లో విలీనమయ్యాక 1969లో తొలి జీటీ-ఆర్‌గా ఎదిగిన వంశమంతా అక్కడ కనిపిస్తుంది. చిన్నదే అయినా జామా తరువాత నా ఓటు దీనికే. కమి-సువాలో బస చేసిన సంప్రదాయ సత్రం ఆదరణలో గొప్పది గాని, పులుసులన్నింటిలోనూ చేపల రసం ఉండడంతో శాకాహారి అయిన తమ్ముడికి అన్నమూ ఊరగాయ ముక్కలే దిక్కయ్యాయి.

తిరుగు రైలు కోసం కమి-సువా స్టేషన్ ప్లాట్‌ఫాం మీదున్న వేడినీటి తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఒక్కటే ఇస్తానంటే ఏది తీసుకుంటావని తమ్ముణ్ని అడిగాను. వాడు 1969 నాటి కారు అన్నాడు. నేను ఆర్32 అన్నాను. రైలు షింజుకు చేరేదాకా ఆ వాదన తెగలేదు.