బిందె నీళ్లతో నాలుగు ఎండాకాలాలు: నా సీఎన్‌సీ స్పిండిల్ కథ

కడపలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న చిన్న సీఎన్‌సీ మెషిన్‌కు (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషిన్) ఇది మూడో స్పిండిల్, అంటే కోసే బిట్టును తిప్పే మోటారు. ఒకటిన్నర కిలోవాట్, నీళ్లతో చల్లబడే రకం, 24,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). కొని నాలుగు ఎండాకాలాలు దాటింది. వేప, టేకు చెక్క మీద గేటు పేర్లు, దేవుడి గది తలుపులకు చెక్కడాలు, అప్పుడప్పుడూ కడప నల్లబండ మీద ఇంటి పేరు. పగలు నాకు వేరే ఉద్యోగం, కాబట్టి వారానికి మూడు నాలుగు రాత్రులు, రెండేసి గంటలు తిరుగుతుంది.

మొదటిది మెషిన్‌తో పాటు వచ్చిన 775 అనే చిన్న డీసీ మోటారు. అక్రిలిక్ మీద పేరు గీయడానికి సరే, టేకులో ఒక మిల్లీమీటరు దింపితే మూలిగేది. తర్వాత 500 వాట్ల డీసీ స్పిండిల్ పెట్టాను. 52 మి.మీ. మందం, బిట్టును పట్టుకునే ఈఆర్11 కొలెట్, 100 వోల్టుల దగ్గర 12,000 ఆర్‌పీఎం. చెక్కకు ఢోకా లేదు. అయితే దాని ఫ్యాను ఎండీఎఫ్ (చెక్కపొట్టుతో చేసిన పలక) పొడినంతా లోపలికి లాక్కునేది, కార్బన్ బ్రష్‌లు ఏడాదిలోపే అరిగిపోయాయి. మిక్సీ బ్రష్‌లు కొని ఆకురాయితో సరిపడా అరగదీసి వేశాను. రెండోసారి అరిగేసరికి విసుగొచ్చింది. ప్రొద్దుటూరులో ఒక మిత్రుడు చెక్కపనికి వాడే చేతి రౌటర్‌నే మెషిన్‌కు బిగించి పనిచేస్తున్నాడు. చవక, బలం కూడా ఉంది. ఆ అరుపు మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తుంది. రాత్రి పని చేసుకునే నాలాంటి వాడికి కుదరదు.

ఈ మూడోది కొనేటప్పుడు అందరిలా నేనూ వాట్లే చూశాను. 2.2 కిలోవాట్ది కొంచెం ఎక్కువ డబ్బుకే వస్తోందని ఆశపడ్డాను. కానీ అది 80 మి.మీ. మందం, బరువు దాదాపు అయిదు కిలోలు. స్పిండిల్‌ను పైకీ కిందికీ కదిపే నా మెషిన్ జెడ్ యాక్సిస్ దాన్ని మోసినా ఊగుతుంది, ఊగితే చెక్క అంచున అలలు పడతాయి. పైగా లెక్క చూడండి: రెండు పళ్ల బిట్టు 18,000 ఆర్‌పీఎం దగ్గర పంటికి 0.05 మి.మీ. కోయాలంటే నిమిషానికి 1800 మి.మీ. వేగంతో నడవాలి. చెక్క కోస్తూ నా మెషిన్ ఆ వేగం అందుకోవడమే గగనం. ఇంకా పెద్ద మోటారు తెచ్చి ఏం చేసుకోను? నిజం చెప్పాలంటే 65 మి.మీ. మందం ఉన్న ఈ ఒకటిన్నర కూడా నాకు ఎక్కువే, 800 వాట్లు సరిపోయేది.

వీఎఫ్‌డీ గురించి ఒక్క మాట. ఇంట్లోని సింగిల్ ఫేజ్ కరెంటును త్రీ ఫేజ్‌గా మార్చి ఇచ్చే పెట్టె అది. నాకు వచ్చినప్పుడు అందులో 50 హెర్ట్జ్ మోటారు సెట్టింగే ఉంది. ఈ స్పిండిల్ 400 హెర్ట్జ్ మోటారు. 50 హెర్ట్జ్ దగ్గరే 220 వోల్టులు మొత్తం ఇచ్చేస్తే వైండింగ్ కాలిపోతుంది. అమ్మినవాళ్లు చెప్పలేదు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే అన్నకు చూపిద్దామని తీసుకెళ్లాను కాబట్టి బతికింది. ఆయన ముందు వీఎఫ్‌డీతో వచ్చిన పుస్తకం అడిగాడు, తర్వాతే ప్లగ్గు పెట్టనిచ్చాడు.

ఇక నీళ్లు. మొదటి ఏడాది బకెట్‌లో బోరు నీళ్లు పోసి, కూలర్ పంపు వేసి తిప్పాను. రెండో మే నెలలో స్పిండిల్ ఒళ్లు చేయి పెట్టలేనంత కాలింది. బేరింగులు పోయాయనుకుని మళ్లీ అన్న దగ్గరికి వెళ్తే, గొట్టం ఊడదీసి నోటితో ఊది చూసి, "మోటారు కాదు బ్బా, నీళ్లు మార్చు ముందు" అన్నాడు. మా బోరు నీళ్లకు కుక్కర్ అడుగున తెల్లగా పేరుకునే ఉప్పే లోపలి దారుల్లోనూ పేరుకుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట తిప్పితే బకెట్ అడుగున సున్నంలా దిగింది. అప్పటి నుంచి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే, అందులో కాస్త బండి కూలెంట్. బకెట్ బదులు స్టీలు బిందె, దాని చుట్టూ తడి గోనెసంచి. గాలి పొడిగా ఉండే మన ఊళ్లో గోనెసంచి చేసే మేలు చిన్నది కాదు, మే నెలలోనూ ఒళ్లు గోరువెచ్చగానే ఉంటోంది. నీళ్లు గడ్డకట్టి స్పిండిల్ పగులుతుందని చలిదేశాల వాళ్లు వీడియోల్లో భయపెడతారు. మనకు ఆ టెన్షన్ లేదు!

ఇంత గొడవ ఉన్నా గాలితో చల్లబడేది ఎందుకు కొనలేదంటే, దాని ఫ్యాను మోటారు ఇరుసు మీదే ఉంటుంది. బండ మీద పనికి వేగం తగ్గిస్తే గాలీ తగ్గుతుంది, పైగా రాతి పొడిని నలుదిక్కులా చల్లుతుంది. చెక్క మాత్రమే కోసేవాళ్లు, షెడ్డు ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు నిస్సంకోచంగా అదే కొనుక్కోండి. బిందె, పంపు, గొట్టాల బాధ ఉండదు.

నన్ను అన్నిటికంటే ఏడిపించింది ఎర్తింగ్. స్పిండిల్ ఆన్ చేయగానే లిమిట్ స్విచ్ (మెషిన్ అంచు దాకా వెళ్తే ఆపే స్విచ్) తగలకుండానే మెషిన్ ఆగిపోయేది. సాఫ్ట్‌వేర్ మార్చాను, బోర్డు మార్చాను. చివరికి మల్టీమీటర్ పెట్టి చూస్తే, స్పిండిల్ ప్లగ్గులో ఎర్తు కోసం ఉన్న నాలుగో పిన్ను లోపల స్పిండిల్ ఒంటికి కలపనే లేదు. క్లాంపు నుంచి విడిగా వైరు లాగి, షీల్డ్ ఉన్న కేబుల్ వేశాక కుదిరింది. అదీ ఎండాకాలం దాకానే. ఎర్తు గుంత ఎండిపోతే మళ్లీ మొదలు. ఇప్పుడు ఏప్రిల్ నుంచి వారానికోసారి గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోస్తున్నాను.

కొత్తలో డయల్ గేజ్ (సన్నని కదలికను కొలిచే మీటరు) పెడితే స్పిండిల్ ఊపు 0.01 మి.మీ. ఉండేది, ఇప్పుడు 0.03 చూపిస్తోంది. కొలెట్ మార్చినా తగ్గలేదు. పోయిన నెల నుంచి 9,000 ఆర్‌పీఎం దగ్గర సన్నగా ఈల శబ్దం. బేరింగులు తెప్పించాను. తన దగ్గర ప్రెస్సు ఉందట, ఉగాది అయ్యాక తీసుకురమ్మన్నాడు అన్న. ఈలోపు మూడు గేటు పేర్లు ఇచ్చేయాలి.