ఆటో-ట్యూన్ ప్రో: అనంతపురం పల్లె పాటకు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురంలో పల్లె పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోల్లో, పాడేవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకోకముందే అడిగే మాట: "అన్నా, ఆటో-ట్యూన్ ఏస్తావు కదా?" జాతరలో డీజే బాక్సుల మీద మోగే చెక్కభజన మిక్సుకైనా, పెళ్లి ఊరేగింపు పాటకైనా, గొంతు శ్రుతిని దిద్దే ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే మెషిన్ గొంతు ఉండాల్సిందే. దాన్ని లోకానికి అలవాటు చేసిన పాట 1998లో అమెరికన్ గాయని షెర్ పాడిన ‘బిలీవ్’. ఆంటారెస్ కంపెనీ వాళ్ల ఆటో-ట్యూన్ ప్రో కొనాలనుకునేవాళ్లు ముందు ఆ పాటను హెడ్‌ఫోన్‌లో శ్రద్ధగా వినాలి.

ఆండీ హిల్డెబ్రాండ్ భూమిలోకి తరంగాలు పంపి చమురు జాడ కనిపెట్టే రంగంలో పనిచేసినవాడు. అక్కడి గణితంతోనే గొంతులోని శ్రుతిని పట్టే ఆటో-ట్యూన్‌ను 1997లో తెచ్చాడు. తప్పిన స్వరాన్ని ఎవరికీ తెలియకుండా సరిచేయడమే దాని పని. లండన్ దగ్గర కింగ్‌స్టన్‌లోని స్టూడియోలో ‘బిలీవ్’ నిర్మాతలు మార్క్ టేలర్, బ్రయాన్ రాలింగ్ దాన్ని తిరగేసి వాడారు. దిద్దే వేగాన్ని చివరికంటా తిప్పి, దిద్దుబాటే పైకి వినిపించేలా చేశారు. కిటుకు బయటపడకూడదని, అది వోకోడర్ (గొంతును మెషిన్ శబ్దంలా మార్చే పరికరం) పెడల్ మహిమ అని మొదట్లో పత్రికకు చెప్పారు. రికార్డు కంపెనీ ఆ ఎఫెక్ట్ తీసేయమంటే షెర్ ససేమిరా అంది. బ్రిటన్‌లో ఏడు వారాలు నంబర్ వన్, 2000లో డ్యాన్స్ రికార్డింగ్‌కు గ్రామీ. మిగతా చరిత్ర అందరికీ తెలిసిందే.

ఆ పాటలో ఎఫెక్ట్ కొట్టొచ్చినట్టు వినిపించేది చరణాల్లోని కొన్ని మాటల మీదే. ఇక్కడ మన మిక్సుల్లో జరుగుతున్న పెద్ద పొరపాటు పల్లవి నుంచి చివరి కోరస్ దాకా ఒకే సెట్టింగు పెట్టి వదిలేయడం. రెండో చరణానికే చెవి మొద్దుబారిపోతుంది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి వాడే ఈ ప్లగిన్‌లో ప్రాణం, స్వరాన్ని ఎంత త్వరగా దిద్దాలో చెప్పే ‘రీట్యూన్ స్పీడ్’ నాబ్. సున్నా దగ్గర పెడితే గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఆ సన్నటి దారి మాయమై, మెట్టు మీద నుంచి మెట్టు మీదికి దూకుతుంది. అంటే జారుడు లేకుండా స్వరం మీద నిలబెట్టి పాడితే సున్నా పెట్టినా పెద్దగా తేడా రాదు. ఎఫెక్ట్ కావాల్సిన మాటను కాస్త జార్చి పాడమని ముందే చెప్పాలి. ఆ రెండు మూడు మాటలకు మాత్రం ఆటోమేషన్‌లో (పాటలో చోటును బట్టి సెట్టింగు తానే మారే ఏర్పాటు) సున్నా ఇచ్చి, మిగతా పాటకు 25 నుంచి 40 మధ్య ఉంచితే గొంతు మనిషిదిగానే ఉంటుంది.

ఇక స్కేలు, అంటే గొంతును ఏ స్వరాల మీదికి దిద్దాలో చెప్పే వరుస. మనవాళ్ల పాటలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మాయామాళవగౌళ స్వరాలతో సాగే జానపదానికి మేజర్ స్కేలు పెడితే శుద్ధ రిషభం షడ్జమం వైపో, చతుశ్రుతి రిషభం వైపో లాగబడి, పాట ఏడుపు మొహం పెడుతుంది. సీ శ్రుతి అయితే పన్నెండు స్వరాలూ ఉండే క్రోమాటిక్ ఎంచుకుని, ప్లగిన్ కీబోర్డులో డీ, డీ షార్ప్, ఎఫ్ షార్ప్, ఏ, ఏ షార్ప్ తీసేయాలి. మోహన వరుసలో ఉంటే సీ, డీ, ఈ, జీ, ఏ చాలు. స్వరాలు తగ్గేకొద్దీ దూకుడు పెద్దదవుతుంది, ‘బిలీవ్’ తరహా విరుపు బాగా పలుకుతుంది. గమకం ఉన్నచోట మాత్రం రెండు స్వరాల మధ్య గొంతు గిలగిలా కొట్టుకుంటుంది. అక్కడ గ్రాఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ముక్కను చేత్తో గీయడమే మంచిది. ప్రో కొనడానికి నా లెక్కలో అసలు కారణం ఇదే.

ఈ ప్లగిన్ ఒకసారికి ఒక్క గొంతునే పట్టగలదు. చెక్కభజన బృందంలో నలుగురిని ఒకే మైకు ముందు నిలబెట్టి పాడించి, తర్వాత దీన్ని వేస్తే వచ్చేది గోలే. గజ్జెలు, చెక్కల చప్పుడు మైకులో కలిసినా అంతే. కోరస్ ఒక్కొక్కరిది విడి ట్రాకులో తీసుకోవాలి. ఫ్యాన్ ఆపాలి, ఎండాకాలం కష్టమే అయినా తప్పదు. మైకుకు జానెడు దూరం, రికార్డింగ్ నాణ్యత సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. పాడేవాళ్లు ఎఫెక్ట్ వింటూ పాడాలంటే బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి ఎంత ముక్కగా తీసుకోవాలో చెప్పే సెట్టింగు) 128 శాంపిళ్లు దాటనివ్వొద్దు, దాటితే చెవిలో గొంతు వెనకబడి తాళం తప్పుతారు. బొంగురు గొంతు మగవాళ్లకు ఇన్‌పుట్ టైప్ ‘లో మేల్’ పెట్టాలి, లేదంటే కొన్ని అక్షరాలు పై స్థాయికి ఎగిరిపడతాయి. ఎఫెక్టుల వరుసలో ముందు ఈ ప్లగినే ఉండాలి. గొంతు హెచ్చుతగ్గులు సర్దే కంప్రెసర్, ప్రతిధ్వని చేర్చే రివర్బ్ దీని తర్వాతే. ప్రతిధ్వని కలిసిన గొంతులో శ్రుతి పట్టడం దీనికి చేతకాదు.

ధర చిన్న స్టూడియోకు భారమే. అలాగని క్రాక్ (డబ్బు కట్టని దొంగ కాపీ) వేసుకుంటే, విండోస్ అప్‌డేట్ అయిన రోజు ప్లగిన్ తెరుచుకోక పాట మధ్యలో ఆగిపోవచ్చు, వైరస్ బెడద అదనం. నెలలో ఒకటి రెండు పాటలే చేసేవాళ్లు పని ఉన్న నెలకే సబ్‌స్క్రిప్షన్ కట్టి, ట్యూన్ అయిన గొంతును వేవ్ ఫైలుగా రెండర్ చేసి దాచుకుంటే చాలు. ట్యూన్ చేయని అసలు టేకును మాత్రం చెరపకండి. డీజే బాక్సుల మీద విన్నాక ఎఫెక్ట్ ఎక్కువైందంటే వెనక్కి వెళ్లడానికి మిగిలేది అదొక్కటే.