డిజిటల్ తేమ మీటరు రివ్యూ: డిగ్రీలు ఒక్కటే చూస్తే చాలదు

అరచేతిలో పట్టేంత డబ్బా. ముందు ఎల్‌సీడీ స్క్రీను, పైన టెంపరేచరు, కింద తేమ శాతం, వెనక అయస్కాంతం, ఒక మడత స్టాండు, మేకుకి తగిలించుకోడానికి చిన్న కన్నం, లోపల ఒక బటన్ సెల్లు. ఇంతే వస్తువు. దీనికి రివ్యూ ఎందుకు అనుకోవచ్చు గానీ, ఉద్యోగం వల్ల ఒక వాతావరణం నుంచి ఇంకో వాతావరణానికి మారే వాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే చిన్న వస్తువు నాకు తెలీదు. పొడి ఊళ్ళో, సముద్రం పక్కన, చలి ఊళ్ళో, అన్ని చోట్లా వాడా. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ పోయిన ఒక్క స్టారు ఎక్కడ పోయిందో కింద చెప్తా.

ఫోన్లో వెదర్ చూస్తే ముందు డిగ్రీలే కనిపిస్తాయి, మనం కూడా ఊళ్ళని డిగ్రీలతోనే పోల్చుకుంటాం, అక్కడ ఎండ ఎంత ఇక్కడ ఎంత అని. కానీ ఒంటికి తెలిసేది అది ఒక్కటే కాదు కదా. సింగపూర్‌లో పగలు 31, 32 దాటడం తక్కువ, అయినా నాలుగడుగులు వేస్తే చొక్కా వీపుకి అంటుకుపోతుంది, రాత్రి కూడా పెద్దగా చల్లబడదు. అమెరికాలో ఫీనిక్స్ ఎడారి ఊరు, 2023లో అక్కడ వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, అలాంటి ఎండలో చెమట పట్టినట్టే తెలీదు, ఎందుకంటే పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు మాత్రం గమనించకుండానే పోతుంటాయి. అందుకే ఎడారి ఊళ్ళలో బయటికెళ్ళే ప్రతివాడి చేతిలో నీళ్ళ బాటిలు ఉంటుంది, దాహం వేసినా వేయకపోయినా తాగుతుంటారు. ఈ రెండు ఊళ్ళ తేడా టెంపరేచరు అంకెలో దొరకదు, దాని కింద ఉన్న రెండో అంకెలో ఉంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ రెండో అంకెని ఎలా చదవాలి అనేది. డబ్బా చూపించే శాతం అంటే గాలిలో ఉన్న నీరు కాదు, ఆ వేడి దగ్గర గాలి మోయగలిగే నీటిలో ఎంత వంతు ఉంది అని మాత్రమే. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల ఆవిరి మోస్తుంది, 20 దగ్గర 17 గ్రాములు, సున్నా దగ్గర అయిదు గ్రాములు కూడా మోయలేదు. అంటే 90 శాతం అని కనిపించగానే అబ్బో ఎంత తేమో అనుకోవద్దు, సున్నా డిగ్రీల దగ్గర 90 శాతం అంటే చాలా తక్కువ నీరు. అదే గాలి కిటికీ సందులోంచి లోపలికొచ్చి హీటరు వల్ల 22 డిగ్రీలకి వేడెక్కితే మీటరు మీద 20 దగ్గరికి పడిపోతుంది. చలి ఊళ్ళో బయట మంచు కురుస్తుంటే ఇంట్లో పెదాలు పగలడం, ముక్కు లోపల ఎండిపోవడం, తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చిటుక్కున షాక్ కొట్టడం, స్వెట్టరు విప్పితే చిటపటలు, వీటన్నిటికీ కారణం ఇదే. బయట మంచు ఉంది కాబట్టి తేమ ఉంటుంది అనుకునే వాళ్ళకి ఈ మీటరు మొదటి రోజే విషయం చెప్పేస్తుంది. అక్కడి వాళ్ళు గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్ పెట్టుకోవడం, గదిని వేడిచేసే రేడియేటర్ల మీద తడి గుడ్డ వేయడం ఊరికే కాదు.

కాకపోతే చలి ఊళ్ళో తేమ మరీ పెంచినా ఇబ్బందే, ఇక్కడే మీటరు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇంట్లో 22 డిగ్రీలు, 50 శాతం ఉంటే ఆ గాలి 11 డిగ్రీల దగ్గర చెమర్చడం మొదలుపెడుతుంది. ఆ 11నే డ్యూ పాయింట్ అంటారు. ఒంటి గాజు కిటికీ అయితే రాత్రి లోపలి వైపు కూడా అంతకంటే చల్లగా ఉంటుంది, పొద్దున్నే చూస్తే అద్దం నిండా నీళ్ళు, అవి కారి కింద చెక్క ఫ్రేములోకి, అక్కణ్ణుంచి నల్ల బూజు. బీరువాని బయటి గోడకి ఆనించి పెట్టినా ఇంతే, వెనకాల గాలి ఆడదు, గోడ చల్లగా ఉంటుంది, బట్టలకి ముక్క వాసన. నేను మీటరుని ఆ బీరువా వెనక సందులో ఒక రాత్రి పెట్టి చూసా, గది మధ్యలో 52 ఉంటే అక్కడ 74. బీరువాని జానెడు ముందుకి జరిపాక వాసన పోయింది. గదిలో అంకె బాగానే ఉంది కదా అని వదిలేయకుండా మూలమూలా పెట్టి చూడాలి, అంత చిన్న డబ్బా కాబట్టే అది కుదురుతుంది.

పొడి ఊళ్ళ సంగతి వేరు. నీళ్ళు పోసి వాడే కూలరు ఒక ఊళ్ళో ప్రాణం నిలబెడుతుంది, ఇంకో ఊళ్ళో గదిని ఆవిరి స్నానం చేస్తుంది, అదే కూలరు. 40 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న గాలిని తడి ప్యాడ్ల మీదుగా పంపితే లెక్క ప్రకారం దాదాపు 20 దాకా చల్లబడే వీలుంది, మంచి కూలరు అయితే 24, 25 డిగ్రీల గాలి ఇస్తుంది. 34 డిగ్రీలు, 75 శాతం ఉన్న చోట అదే పని చేస్తే 30 కంటే కిందికి దిగడం కుదరదు, పైగా ఉన్న ఉక్కకి ఇంకా తేమ తోడు. కూలరు కొనే ముందు ఈ మీటరు నాలుగు రోజులు మధ్యాహ్నం పూట నీడలో బయట పెట్టి చూసుకుంటే చాలు, కొనాలో వద్దో తెలిసిపోతుంది. ఫీనిక్స్ వైపు కూడా ఎండాకాలం మొదట్లో కూలర్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, జులైలో అక్కడి వానగాలి మొదలయ్యాక అవే కూలర్లు చతికిలబడతాయి, అంటే ఊరు ఒక్కటే సరిపోదు, నెల కూడా చూడాలి. పశ్చిమ ఆఫ్రికాలో నవంబరు నుంచి మార్చి దాకా సహారా మీంచి హర్మటన్ గాలి వీస్తుంది, మిగతా ఏడాది ఉక్కలో ఉండే ఊళ్ళలో కూడా ఆ రోజుల్లో చర్మం పగులుతుంది, చెక్క సామాను బీటలిస్తుంది, ప్రతిదాని మీదా సన్నటి దుమ్ము.

అన్నిట్లో నాకు వింతగా అనిపించేది లిమా, పెరూ రాజధాని. ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్ల వాన కూడా పడని ఎడారి తీరం, అలాంటిది చలికాలం నెలల తరబడి ఆకాశం తెల్లగా మూసుకునే ఉంటుంది, తేమ 80, 90లలో, సన్న తుంపర, ఆరేసిన బట్టలు ఆరవు, అల్మారాలో తోలు చెప్పులకి బూజు. పక్కన సముద్రంలో చల్లటి హంబోల్ట్ ప్రవాహం వెళ్తుంది, దాని మీద గాలి చల్లబడి కింద మేఘంలా పరుచుకుంటుంది గానీ పైకి లేచి వాన కాదు. ఎడారి అంటే పొడి అనే లెక్క అక్కడ పనిచేయదు, మ్యాపులో రంగు చూసి సూట్‌కేసు సర్దుకుంటే ఇబ్బందే.

ఇక ఆ పోయిన స్టారు సంగతి. ఈ డబ్బాల్లో చాలావాటి మీద ఒక ముఖం బొమ్మ ఉంటుంది, నవ్వితే గాలి బాగుందని, ముఖం ముడిస్తే బాలేదని. ఆ బొమ్మని నమ్మొద్దు. అది చాలా మీటర్లలో ఒట్టి శాతం చూసే నవ్వుతుంది, వేడి లెక్కలోకి తీసుకోదు. 20 డిగ్రీలు 55 శాతం దగ్గర నవ్వింది, నిజంగానే బాగుంది, డ్యూ పాయింట్ 11 దగ్గర. 34 డిగ్రీలు 55 శాతం దగ్గర కూడా అలాగే నవ్వుతూ కూర్చుంది, కానీ అప్పుడు డ్యూ పాయింట్ 24 దగ్గర, ఫ్యాను కింద కూర్చున్నా మెడ మీద చెమట ఆరడం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళో చంటిపిల్లలో ఉంటే ఈ బొమ్మ చూసి ధీమాగా ఉండటం మంచిది కాదు, అందుకే గట్టిగా చెప్తున్నా. డ్యూ పాయింట్ చూపించే మోడల్ దొరికితే అదే తీసుకోండి, లేదంటే రెండు అంకెలూ ఫోన్లో ఏదైనా డ్యూ పాయింట్ కాలిక్యులేటర్లో కొడితే వచ్చేస్తుంది. 16 లోపు ఉంటే చాలామందికి హాయి, 21 దాటితే జిగట, 24 దాటితే పని చేయబుద్ధి కాదు. సౌదీలో దహ్రాన్ అనే తీర పట్నంలో 2003 జులై 8న ఇది 35 నమోదైంది, మన చర్మం వేడి కూడా ఇంచుమించు అంతే కాబట్టి అలాంటి గాలిలో చెమట ఆరి ఒళ్ళు చల్లబడటం అనేదే దాదాపు ఉండదు.

కొన్నాక మొదట చేయాల్సింది ఉప్పు పరీక్ష. ఇవి అయిదు శాతం అటూ ఇటూ చూపించడం మామూలే, లోపలి సెన్సరు తేమని పీల్చుకునే సన్నటి పొర, దుమ్ముకీ పొగకీ ఏళ్ళు గడిచే కొద్దీ లెక్క తప్పుతుంది. బాటిలు మూతలో ఉప్పు పోసి చుక్క చుక్కగా నీళ్ళు వేసి తడి ఇసకలాగా చేయండి, పైన నీళ్ళు తేలకూడదు, ఉప్పంతా కరిగిపోనూ కూడదు. ఆ మూతనీ మీటరునీ జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి, ఉప్పు మీటరుకి తగలకుండా, ఒక రాత్రంతా గదిలో కదపకుండా వదిలేయండి. తడి ఉప్పు పైన గాలిలో తేమ మామూలు గది వేడి దగ్గర 75 శాతం దగ్గర నిలబడుతుంది, ఏ దేశంలో అయినా ఇంతే, ఉప్పు గుణం అది. నాది పొద్దున్నకి 71 చూపించింది. డబ్బా వెనక "+4" అని రాసి అతికించుకున్నా, అప్పట్నుంచి ఆ నాలుగు కలుపుకుని చదువుతా. ఏడాదికోసారి మళ్ళీ చేస్తే మంచిది.

సెన్సర్లు రాకముందు ఈ పని మనిషి వెంట్రుక చేసేది, 1783లో సోస్యూర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త వెంట్రుకతో నడిచే తేమ మీటరు తయారుచేసాడు, తేమకి వెంట్రుక రెండు రెండున్నర శాతం సాగుతుంది, ఆ సాగడాన్ని ముల్లుతో చూపించడమే. తీరం ఊళ్ళకి రాగానే జుట్టు మాట వినకపోవడం వెనక ఉన్నదీ ఇదే గుణం, షాంపూని తిట్టుకుని లాభం లేదు.

ఎక్కడ పెట్టాలంటే, ఎండ పడకూడదు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, వంటగది పొయ్యికీ బాత్రూం తలుపుకీ దూరంగా, భుజం ఎత్తులో. ఒక గది నుంచి ఇంకో గదికి మార్చగానే చదవొద్దు, డబ్బా ప్లాస్టిక్కే ఆ గది వేడికి రావాలి, అరగంట ఆగితే అంకె నిలబడుతుంది. రోజులో ఎక్కువ తక్కువ గుర్తుపెట్టుకునే బటను ఉన్నది తీసుకోండి, నా లెక్కలో ఇది ముఖం బొమ్మ కంటే వెయ్యి రెట్లు నయం, మనం నిద్రపోయినప్పుడు గది ఎంతకి వెళ్ళిందో పొద్దున్న కనిపిస్తుంది. ఉక్క ఊళ్ళో 60 దాటకుండా చూసుకుంటే బూజు దగ్గరికి రాదు, గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ రోజంతా తిప్పాలా, రెండు గంటలు చాలా అన్నది కూడా ఈ అంకె చూసే తేల్చుకోవచ్చు, కరెంటు బిల్లులో తేడా తెలుస్తుంది. స్క్రీనుకి లైటు లేకపోవడం ఒక చిన్న లోటు, బ్యాటరీ మూత తీయడానికి గోరు విరిగేంత పని అవుతుంది, ఇంకేం లేవు.

చలి దేశాలకి వెళ్ళే వాళ్ళు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, దీన్ని బయట పెట్టేయొద్దు. రష్యాలో సైబీరియా ఊరు యాకుత్‌స్క్ లాంటి చోట జనవరి సగటే మైనస్ 38 దరిదాపు, అలాంటి చలిలో ఎల్‌సీడీ లోపలి ద్రవం కదలదు, అంకెలు మసకబారి తర్వాత అసలు కనిపించవు, మామూలు బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది. పొడుగు వైరు చివర సెన్సరు ఉండే మోడల్ తీసుకుని, వైరు మాత్రం కిటికీ సందులోంచి బయటికి వేసి డబ్బా లోపలే ఉంచుకోండి. కొనేటప్పుడు ఆ వైరు సెన్సరు ఎన్ని మైనస్ డిగ్రీల దాకా పనిచేస్తుందో పెట్టె మీద చూడండి, చాలావాటిలో వైరు చివర టెంపరేచరు మాత్రమే ఉంటుంది, తేమ సెన్సరు డబ్బా లోపలే ఉంటుంది, అది తెలీక గది తేమని బయటి తేమ అనుకునే వాళ్ళు బోలెడుమంది.