ముప్పై ఆరో ఏట మళ్లీ టిన్‌టిన్: ఆరేళ్ల పఠనం తర్వాత

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య, ఆరేళ్ల క్రితం, టిన్‌టిన్ అనే యువ విలేకరి సాహసాల బొమ్మల కథల్లో ఒకటైన ‘టిన్‌టిన్ ఇన్ టిబెట్’ అట్ట నలిగిన ప్రతి ఒకటి కంటపడింది. బడిలో లైబ్రరీ పీరియడ్ ముగిసేలోగా పూర్తిచేయాలన్న ఆత్రంతో, మాటలు సగం వదిలేసి బొమ్మల వెంట పరుగెత్తిన పుస్తకమది. ఆ ఒక్క ప్రతితో మొదలుపెట్టి ఏడాదిన్నరలో మిగిలిన సంపుటాలన్నీ సమకూర్చుకున్నాను. అప్పటినుంచి వాటిని చదువుతూనే ఉన్నాను, వాటి తెర రూపాలను మా అమ్మాయితో కలిసి చూస్తూనే ఉన్నాను.

బెల్జియం చిత్రకారుడు ఎర్జే 1929 జనవరిలో మొదలుపెట్టిన ఈ కథల్లో గీత అంతటా ఒకే మందంతో, నీడల గజిబిజి లేకుండా సాగుతుంది. చిన్నప్పుడు ఆ శుభ్రతను సులువు అనుకున్నాను. ఇప్పుడు పేజీలోని ఒక్కో బొమ్మ గడి దగ్గర ఆగి చూస్తుంటే, ఎంత చెప్పాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆయనకు ఎంత బాగా తెలుసో అర్థమవుతోంది. టిబెట్ కథ మొదట్లో హోటల్లో చదరంగం ఆడుతూ కునుకు తీసిన టిన్‌టిన్ ఒక్కసారిగా ‘చాంగ్!’ అని తన స్నేహితుడి పేరు అరుస్తాడు. ఆ పెద్ద గడిలో చదరంగం పావులు చెల్లాచెదురవుతాయి, గదిలోని ప్రతి మనిషీ తనదైన తీరులో ఉలిక్కిపడతాడు. ఆ ఒక్క బొమ్మలో ఎవరెవరు ఏం చేస్తున్నారో వెతుకుతూ నేనూ మా అమ్మాయీ ఒక సాయంత్రమంతా గడిపాం. మానసికంగా నలిగిపోతూ, కలల నిండా తెలుపే కనిపిస్తున్న రోజుల్లో ఎర్జే ఈ కథ గీశాడని తెలిశాక, పేజీల కొద్దీ పరుచుకున్న ఆ మంచు నాకు వేరుగా కనిపించింది. ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. చివరి గడిలో స్నేహితులు వెళ్లిపోతుంటే దూరంనుంచి చూస్తూ నిలబడ్డ మంచుమనిషి యెతి ఒంటరితనం పన్నెండేళ్ల వయసులో నన్ను తాకనే లేదు. ఇప్పుడు ఆ పేజీ తిప్పడానికి మనసొప్పదు.

1963 నాటి ‘ది కాస్టఫియోర్ ఎమరాల్డ్’ విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారింది. ప్రయాణం లేదు, వేట లేదు, కథంతా ఒక్క భవనంలోనే జరుగుతుంది. విరిగిన మెట్టును బాగుచేయడానికి మేస్త్రీ రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను అంటూనే ఉంటాడు, దాదాపు అందరూ ఆ మెట్టు మీద జారిపడుతూనే ఉంటారు. ఇల్లు కట్టుకున్నవాళ్లకే పూర్తిగా అందే పుస్తకమిది, ఇవాళ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

అన్నీ ఇలా నిలబడవు. కాంగో కథలో ఆఫ్రికా ప్రజలను చూపిన తీరు వలసపాలకుల చిన్నచూపే, దాన్ని సమర్థించలేను, మా అమ్మాయికి ఇంకా ఇవ్వలేదు. 1934లో బ్రస్సెల్స్‌లో చదువుకుంటున్న చైనా విద్యార్థి చాంగ్ చోంగ్-జెన్‌తో స్నేహం కుదిరాకే ఎర్జే పరాయి దేశాలను శ్రద్ధగా తెలుసుకుని గీయడం మొదలుపెట్టాడు. ఆ స్నేహితుడి పేరే టిబెట్ కథలో వినిపించే ఆ కేక.

ఇక తెర సంగతి. 1991-92లో ఫ్రాన్స్, కెనడా సంస్థలు కలిసి తీసిన 39 భాగాల కార్టూన్ సీరియల్ పుస్తకాలకు ఎంతో విధేయంగా ఉంటుంది, చాలా చోట్ల గడులే కదులుతున్నట్టు అనిపిస్తుంది. అయితే 62 పేజీల కథను రెండు చిన్న భాగాల్లో ముగించాల్సి రావడంతో మౌనంగా సాగే ఘట్టాలు నలిగిపోయాయి. 2011లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమా మూడు పుస్తకాలను కలిపి, పుస్తకంలో ఓడల నమూనాలు సేకరించే అమాయకుడైన సఖారిన్‌ను ప్రతినాయకుణ్ణి చేసింది. మొదటిసారి నాకది మింగుడుపడలేదు. మూడోసారి చూసినప్పుడు, సంతలో ఒక చిత్రకారుడు టిన్‌టిన్ బొమ్మ గీసి చేతికిచ్చే తొలి దృశ్యంలో, ఆ చిత్రకారుడి ముఖం ఎర్జేదేనని గుర్తించాను. ఆ ఘట్టం తర్వాత సినిమాను దాని పద్ధతిలో చూడగలిగాను. మొరాకో వీధుల్లో ఎక్కడా తెగకుండా ఒకే షాట్‌గా సాగే ఛేజ్ ఏ పేజీ మీదా సాధ్యం కానిది. టిన్‌టిన్ నేస్తం కెప్టెన్ హడాక్ కళ్లలోని బెంగను ఆండీ సెర్కిస్ నటన బాగా పట్టుకుంది.

కొనదలచినవారు పెద్ద సైజు ప్రతులే తీసుకోవాలి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన చిన్న సైజు సంపుటంలో అక్షరాలు కళ్లకు శ్రమ పెట్టాయి, తిరిగి పంపేశాను. మా ఇంట్లో మాత్రం ముందు పుస్తకం, తర్వాతే తెర. సీరియల్ నడుస్తుండగా మా అమ్మాయి రిమోట్‌తో దాన్ని ఆపి, అరలోంచి ఆ సంపుటం తెచ్చి, అదే గడి తెరిచి ఒళ్లో పెట్టుకుని, రెండూ మార్చి మార్చి చూశాకే మళ్లీ నడవనిస్తుంది.